మొదట పరీక్ష, తరువాత బల్ల

(బైబిలు పాఠం)

చదవవలసిన భాగాలు: 1 కొరింథీయులకు 11:17-34, కీర్తన 139, 2 సమూయేలు 12:1-14, లూకా 18:9-14



నెలలో మొదటి ఆదివారం. ప్రసంగం అయిపోయింది. బల్ల మీది తెల్లగుడ్డ మడిచి పక్కన పెడుతున్నారు. సరిగ్గా ఆ వేళకే వెనుక వరుసల్లో కొందరు మెల్లగా లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటారు. హుబ్లీ అయినా, బరంపురం అయినా, షోలాపూరు అయినా, యానాం అయినా మన సంఘాల్లో ఇది కొత్తగా చూసే దృశ్యం కాదు. ఎందుకు వెళ్తున్నారని అడిగితే, "ఇంట్లో కొంచెం మనస్పర్థ ఉందండీ, ఈ నెలకు తీసుకోను" అంటారు. ఆ "ఈ నెల" ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది.

మరికొందరు లేవరు. నిమ్మళంగా కూర్చుని రొట్టె తీసుకుంటారు, ద్రాక్షరసం తీసుకుంటారు, కళ్లు మూసుకుని తల వంచుతారు. అవతలి వరుసలో కూర్చున్న మనిషితో మూడేళ్లుగా మాట లేదు. ఆ సంగతి సంఘమంతటికీ తెలుసు.

లేచి వెళ్లినవారు తమ్మును తాము పరీక్షించుకున్నామని అనుకుంటారు. కూర్చున్నవారు తమకు పరీక్ష అక్కర లేదని అనుకుంటారు. వాక్యాన్ని జాగ్రత్తగా చదివితే ఈ ఇద్దరూ పొరబడ్డారని తెలుస్తుంది. ఈ నెల పాఠంలో ఆ సంగతి ధ్యానించుదాం.

1. పరీక్ష అనే మాటకు అర్థం

1 కొరింథీ 11:28లో పౌలు, ప్రతి మనిషి తన్ను తాను పరీక్షించుకోవాలని చెప్పాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాట లోహాలను, నాణేలను పరీక్షించే సందర్భంలో వాడేది. కంసాలి గీటురాయి మీద గీసి చూడడం, పుటం వేసి చూడడం, ఇది మేలిమా కాదా అని తేల్చడం ఆ మాటలో ఉన్నాయి.

కోలారు బంగారు గనులను ఎరిగిన కుటుంబాలు మనలో ఉన్నాయి. చిత్తూరు ప్రాంతం నుండి పోయి అక్కడ తరాల తరబడి భూమి కింద పనిచేసిన తెలుగువారున్నారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి గాని, రాతిని పిండి చేసి బంగారం తీసుకున్నాక మిగిలిన సయనైడు దిబ్బలు కొండల్లాగ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. టన్ను రాతిని పగలగొడితే దొరికేది కొన్ని గ్రాముల బంగారమే. అయినా ఆ శ్రమంతా దిబ్బ కోసం కాదు, బంగారం కోసం. దిబ్బ ఎంత పెద్దదో కొలవడానికి ఎవరూ గనిలోకి దిగలేదు.

ఆత్మపరీక్ష కూడా అంతే. 2 కొరింథీ 13:5లో పౌలు అదే మాట వాడుతూ, విశ్వాసంలో ఉన్నామో లేదో చూచుకోమన్నాడు. ఆ వెంటనే యేసుక్రీస్తు తమలో ఉన్నాడన్న సంగతి ఎరుగరా అని అడిగాడు. పరీక్ష చివర వెతకవలసింది మన చెత్త ఎంత ఉందన్నది కాదు. చెత్త బయటపడుతుంది, అది తప్పదు. అయితే వెతికేది క్రీస్తును. ఈ సంగతి మరిచిపోతే పరీక్ష మనిషిని కుంగదీస్తుంది.

మరొక మాట గమనించండి. పరీక్షించుకుని, "ఆలాగున" తినవలెనని పౌలు భావం. పరీక్షించుకుని ఇంటికి పొమ్మని ఆయన చెప్పలేదు. పరీక్ష బల్లకు అడ్డుగోడ కాదు, బల్ల దగ్గరకు నడిపించే మెట్టు. లేచి వెళ్లిపోయే సహోదరుడు పరీక్షను సగంలో ఆపేస్తున్నాడు. జబ్బు ఉందని తెలుసుకుని ఆసుపత్రి మెట్ల దాకా వచ్చి వెనక్కు తిరిగినట్టుంటుంది అది.

2. కొరింథులో ఏమి జరిగింది?

ఈ ఆజ్ఞ ఎందుకు వచ్చిందో తెలియాలంటే 17వ వచనం నుండి చదవాలి. కొరింథులో విశ్వాసులు భోజనానికి కూడుకునేవారు. కలిగినవారు ముందు వచ్చి తమ తమ భోజనం ముందే తినేసేవారు. లేనివారు వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో ఉంటే ఒకడు మత్తులో ఉండేవాడు. లేనివారిని సిగ్గుపరుస్తున్నారా అని పౌలు గద్దించాడు.

కాబట్టి అయోగ్యంగా తినడమంటే ఏమిటి? చాలామంది దీనిని "నాలో ఏ పాపమూ లేకుండా ఉన్నప్పుడే తినాలి" అని అర్థం చేసుకుంటారు. అలాగైతే ఏ మనిషీ ఏ నెలలోనూ తినలేడు. అక్కడి తప్పు, పక్కనున్న సహోదరుణ్ణి లెక్కలో లేనివాడిగా చూడడం. 29వ వచనంలో శరీరమును వివేచించకపోవడం గురించి చెప్పాడు. అదే పత్రికలో తరువాతి అధ్యాయంలో సంఘమే క్రీస్తు శరీరమని వివరించాడు. రొట్టెలో ప్రభువును చూచి, ఆ రొట్టె పంచుకునే మనిషిలో ప్రభువు అవయవాన్ని చూడలేకపోతే మనం ఇంకా పరీక్ష మొదలుపెట్టలేదన్నమాట.

కాబట్టి బల్లకు ముందు అడగవలసిన మొదటి ప్రశ్న, "ఈ వారం నాకు ఎన్ని చెడు తలంపులు వచ్చాయి?" అన్నది కాదు. "నా ఎదుట ఎవరు ఆకలిగా, సిగ్గుగా నిలబడి ఉన్నారు? వారి పట్ల నేనేమి చేశాను?" అన్నది.

3. హృదయం లెక్క తప్పు చెబుతుంది

యిర్మీయా 17:9లో హృదయం అన్నిటికంటే మోసకరమైనదని ప్రవక్త చెప్పాడు. ఈ మాట మనం ఇతరుల గురించే ఎక్కువగా వాడతాం. నా గురించి అది నిజమని నేను తెలుసుకున్న సంగతి ఇక్కడ రాయడం నాకు సులభం కాదు. అయినా ఈ పాఠం రాస్తూ దానిని దాచితే నేను మీకు బోధించేది ఏమీ ఉండదు.

నేను ఉద్యోగరీత్యా ఊరు విడిచి కర్ణాటకలో స్థిరపడ్డాను. మా అమ్మ ఒంగోలు దగ్గర మా ఊళ్లో తమ్ముడి ఇంట్లో ఉండేది. నెలనెలా అమ్మకు మనియార్డరు పంపుతున్నానని నేను అందరితో చెప్పేవాణ్ణి. అబద్ధమాడుతున్నానని నాకు తెలియదు. నిజంగా అలాగే అనుకునేవాణ్ణి. సంఘంలో తలిదండ్రులను సన్మానించడం గురించి పాఠం చెప్పినప్పుడు కూడా నన్నే ఒక ఉదాహరణగా చెప్పుకున్నాను.

1991లో అమ్మ ప్రభువునందు నిద్రించింది. సమాధి కార్యక్రమం అయిన మూడో రోజున, ఉన్న ఎనభై సెంట్ల పొలంలో నా వాటా సంగతి మాట్లాడదామని నేను మనసులో సిద్ధపడుతున్నాను. "అమ్మను పోషించింది నేనే గదా" అన్నది నా బలం. అప్పుడు మా మరదలు గోడకు వేలాడుతున్న కాగితాల తీగ తీసి నా ముందు పెట్టింది. "బావగారూ, ఇవి అత్తయ్య దాచుకున్నవి. మీరే ఉంచుకోండి" అంది. మనియార్డరు ఫారం కింద చిన్న కూపను ఉండేది, అందులో రెండు ముక్కలు రాయడానికి చోటుండేది. అమ్మ ప్రతి కూపనూ ఆ తీగకు గుచ్చి పెట్టింది. చదువు రాదు గనుక ఎవరిచేతనో చదివించుకుని దాచుకునేది.

ఆ రాత్రి నేను వాటిని లెక్కపెట్టాను. చివరి ఐదేళ్లకు అరవై ఉండాలి. ఇరవైమూడు ఉన్నాయి. ఏదైనా జారిపోయిందేమోనని మళ్లీ లెక్కపెట్టాను. ఇరవైమూడే. వాటిలో చాలావాటి మీద నా చేతిరాతే: పిల్లల ఫీజులు ఉన్నాయి, వచ్చే నెల ఎక్కువ పంపుతాను.

మరునాడు పొరుగింటి పెద్దాయన, "మీ అమ్మ ఎప్పుడూ చెప్పేదయ్యా, మా పెద్దోడు నెల తప్పకుండా పంపుతాడని" అన్నాడు. మా తమ్ముడు పక్కనే ఉన్నాడు. వాడు ఒక్క మాట కూడా అనలేదు.

నేను వాటా అడగలేదు. అయితే అప్పుడు ఒప్పుకోనూ లేదు. తిరిగి వచ్చి రెండు మొదటి ఆదివారాలు బల్లలో చెయ్యి వేశాను. ఆ రెండుసార్లూ, "నేను వాటా అడగలేదు గదా, అది చాలు" అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. చూడండి, పట్టుబడిన తరువాత కూడా హృదయం తన పక్షాన ఎంత బాగా వాదిస్తుందో!

దావీదు సంగతి నాకు అప్పుడు అర్థమైంది. ఊరియా చనిపోయాడు. బత్షెబ దావీదు ఇంటికి వచ్చింది, బిడ్డ పుట్టాడు. ఆ తరువాత నాతాను వచ్చాడు. అంటే ఎన్నో నెలలు గడిచాయి. ఆ నెలల్లో దావీదు సింహాసనం మీద కూర్చుని ఇతరుల వ్యాజ్యాలు తీర్చి ఉంటాడు. నాతాను గొర్రెపిల్ల కథ చెప్పగానే దావీదుకు కోపం రగిలింది, నాలుగింతలు తిరిగి ఇయ్యాలని తీర్పు చెప్పాడు. న్యాయం ఏమిటో ఆయనకు బాగా తెలుసు. తన మీద దానిని ప్రయోగించడమే చేతకాలేదు. ఆ మనిషివి నీవేనని మరొకరు చెప్పవలసి వచ్చింది.

కాబట్టి ఆత్మపరీక్ష అంటే ఒంటరిగా కూర్చుని మన జ్ఞాపకాన్ని మనమే అడగడం మాత్రమే అనుకోకండి. జ్ఞాపకం మనకు అనుకూలంగా సాక్ష్యం చెబుతుంది. బయటి సాక్షి కావాలి. దేవుడు ముగ్గురు సాక్షులను ఇచ్చాడు. ఒకటి, వాక్యమనే అద్దం (యాకోబు 1:22-25). రెండు, అంతరంగాన్ని పరిశోధించే ఆయన ఆత్మ. మూడు, నిజం చెప్పగల సహోదరుడు, సహోదరి. నాకు ఆ మూడో సాక్షి కాగితాల తీగ రూపంలో వచ్చింది.

4. రెండు వైపులా గుంటలు

కీర్తన 139 చివరలో దావీదు, "నన్ను నేను పరిశోధించుకున్నాను" అనలేదు. నన్ను పరిశోధించి నా హృదయాన్ని తెలిసికొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. తనలో ఆయాసకరమైన మార్గమేదైనా ఉన్నదేమో చూచి, నిత్యమార్గంలో నడిపించమన్నాడు. పరీక్షించేవాడు దేవుడు. మనం తలుపు తీసి దీపం చూపించేవాళ్లం మాత్రమే. ఈ దారికి రెండు వైపులా రెండు గుంటలున్నాయి.

మొదటిది పరిసయ్యుని గుంట. లూకా 18లో అతడు కూడా దేవాలయానికి వెళ్లి తన జీవితాన్ని లెక్క చూచుకున్నాడు. ఉపవాసాల లెక్క ఉంది, దశమ భాగాల లెక్క ఉంది. ఆ లెక్కలు అబద్ధమని ప్రభువు చెప్పలేదు. అయితే అతడు కొలత కోసం పక్కనున్న సుంకరిని వాడుకున్నాడు. మనకంటే తక్కువవాడిని పక్కన పెట్టుకుని కొలిస్తే ఎవరమైనా పొడుగ్గానే కనిపిస్తాం.

రెండోది నిరాశ గుంట. నేనెరిగిన ఒక పెద్దావిడ పదకొండేళ్లు బల్లలో పాలు పొందలేదు. యౌవనంలో చేసిన ఒక పొరపాటు ఆమె మనసులోంచి పోలేదు. ఎన్నోసార్లు ఒప్పుకుంది, ఎంతో ఏడ్చింది, మళ్లీ అదే తవ్వుకుంది. అది చూచేవారికి దీనత్వంలాగ కనిపిస్తుంది. నిజానికి క్షమిస్తానన్న దేవుని మాటకంటే తన దోషమే పెద్దదని నమ్మడం అది. 1 యోహాను 3:20లో, మన హృదయం మన మీద నేరం మోపినా దేవుడు మన హృదయంకంటే గొప్పవాడని అపొస్తలుడు ధైర్యం చెప్పాడు. ఆ వచనాన్ని ఒక సహోదరి ఆమె పక్కన కూర్చుని పలుమార్లు చదివి వినిపించింది. ఒక మొదటి ఆదివారం ఆమె చెయ్యి చాపింది.

పేతురును, యూదాను పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ ప్రభువు పట్ల తప్పు చేశారు. ఇద్దరూ దుఃఖపడ్డారు. ఒకడు తన దుఃఖంతో ఒంటరిగా వెళ్లిపోయాడు. మరొకడు ఏడ్చినా శిష్యుల మధ్యనే ఉన్నాడు, సముద్రతీరాన ప్రభువు కనబడినప్పుడు నీళ్లలోకి దూకి ఆయన దగ్గరకే వెళ్లాడు. దేవుని చిత్తానుసారమైన దుఃఖానికి, లోక సంబంధమైన దుఃఖానికి 2 కొరింథీ 7:10లో పౌలు చెప్పిన భేదం ఇదే. మొదటిది మనిషిని దేవుని వైపు నడిపిస్తుంది, రెండోది ఆయన నుండి దూరంగా నడిపిస్తుంది. మీ దుఃఖం మిమ్మును ఎటు తీసుకుపోతున్నదో చూచుకోండి.

5. మన పితరుల పరీక్ష

తెలుగు బాప్టిస్టులమైన మనకు ఈ విషయంలో ఒక వారసత్వం ఉంది. 1876-78 సంవత్సరాల కరువులో జనులు ఆకలితో అలమటించారు. ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేటట్లు చేశారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని ఎందరో అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. గింజల కోసం వస్తున్నారో, ప్రభువు కోసం వస్తున్నారో తేలేదాకా ఆగారు.

కరువు సహాయం ముగిసింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదు. అప్పుడు కూడా జనం వచ్చారు. డబ్బు అక్కర లేదు, బాప్తిస్మమే కావాలని అడిగారు. ఒక్కొక్కరిని విచారించి, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది.

ఈ అంకెలను మనం వార్షికోత్సవాల్లో గర్వంగా చెబుతాం. ఆ అంకెల వెనుకనున్న ఆగిన కాలాన్ని మాత్రం చెప్పం. "ఏమీ దొరకకపోయినా నీవు వస్తావా?" అన్నది వారికి ఎదురైన పరీక్ష. మనం ఆ ప్రశ్నను మన వైపు తిప్పుకుందాం. పరాయి రాష్ట్రంలో సంఘం మనకు చాలా ఇస్తుంది. మన భాష వినిపిస్తుంది, పెళ్లి సంబంధాలు కుదురుతాయి, ఇల్లు అద్దెకు దొరుకుతుంది, కష్టంలో నలుగురు వస్తారు. ఇవన్నీ దేవుడిచ్చిన మేళ్లే. అయితే ఇవేవీ దొరకకపోతే నేను ఆదివారం ఉదయం వచ్చేవాణ్ణా?

6. మన ఇళ్లలో ఎక్కడ వెతకాలి?

హగ్గయి 1వ అధ్యాయంలో ప్రవక్త జనులకు తమ ప్రవర్తనను ఆలోచించుకోమని చెప్పి ఊరుకోలేదు. పంట, అన్నం, బట్ట, చిల్లుపడిన సంచి, సరంబీ వేసిన ఇల్లు అంటూ చూడవలసిన చోట్లను చూపించాడు. మొత్తం మీద "నేను పాపిని" అనడం సులభం. ఫలానా చోట, ఫలానా మనిషి పట్ల అనడం కష్టం. మనవంటి వలస కుటుంబాలు చూడవలసిన కొన్ని చోట్లు ఇవి.

(అ) రెండు భాషలు, రెండు బ్రతుకులు: ఆదివారం తెలుగులో ప్రార్థిస్తాం, సోమవారం కన్నడలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో బేరమాడతాం. అక్కడ మన మాట సంఘంవారికి వినబడదు. అక్కడ ఇచ్చే మాట, చెప్పే ధర, చేసే కొలత దేవునికి తెలియకుండా పోవు. మన పొరుగువారిని "ఈ ఊరివాళ్లింతే" అని తీసిపారేసే మాట ఆయనకు ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

(ఆ) చీటీలు, వడ్డీలు: సంఘస్థుల మధ్య చీటీపాటలు, చేబదుళ్లు మామూలే. తీసుకున్నవారు ఎగ్గొట్టడం ఒక తప్పు. అవసరంలో ఉన్న విశ్వాసి దగ్గర బయటివాడు తీసుకునేటంత వడ్డీ తీసుకుని, అందులోనే దశమ భాగం వేయడం మరొక తప్పు.

(ఇ) కులం, జిల్లా: ఊరు దాటి వచ్చాం, రాష్ట్రం దాటి వచ్చాం గాని కొన్నిటిని మాత్రం పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్నాం. వాళ్లు నెల్లూరోళ్లు, వీళ్లు గుంటూరోళ్లు. వాళ్ల పేట వేరు, మన పేట వేరు. డీకన్ల ఎన్నికలో ఏ ప్రాతిపదిక మీద చెయ్యి ఎత్తుతున్నాం? సంబంధం చూసేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఏది? కొరింథులో ఒకరు ముందు తిని మరొకరిని సిగ్గుపరిచిన తప్పు మన మధ్య ఈ రూపంలో ఉంది.

(ఈ) విడిచి వచ్చిన ఊరు: తలిదండ్రులు, అక్కచెల్లెళ్లు, తాతల నాటి భూమి. మనం ఎంత ఇచ్చామో మన జ్ఞాపకం చెబుతుంది. ఎంత ఇవ్వలేదో అక్కడివారు చెప్పగలరు. ఒకసారి వారిని అడగండి.

(ఉ) పిల్లలు: తెలుగు చదవడం రాని పిల్లలు రెండు గంటలు మన మధ్య మౌనంగా కూర్చుంటున్నారు. తెలుగు ఆరాధనను మనం కాపాడుకునేది దేవుని కోసమా, మన గౌరవం కోసమా? వారికి వాక్యం అర్థమయ్యేటట్లు చేయడానికి ఈ ఏడాది ఏమి చేశాం? వారికి తెలుగు నేర్పామా? పోనీ వారికి వచ్చిన భాషలో ఒక్క పాఠమైనా చెప్పామా?

7. బయటపడిన తరువాత

పరీక్ష జరిగాక మూడు పనులున్నాయి.

మొదటిది, ఒప్పుకోవడం. 1 యోహాను 1:8, 9 వచనాలు విడదీయకుండా చదవండి. పాపం లేదనుకుంటే మనల్ని మనమే మోసపుచ్చుకుంటాం. ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు గనుక క్షమించి పవిత్రపరుస్తాడు. దావీదు 32వ కీర్తనలో తన మౌనకాలాన్ని వేసవి ఎండకు ఎండిపోవడంతో పోల్చాడు. ఒప్పుకున్నాక విడుదల పొందాడు.

రెండోది, సరిచేయడం. సంఖ్యాకాండము 5:7 ప్రకారం, ఒప్పుకున్నవాడు అపరాధం వల్ల తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి ఇవ్వాలి. జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. రక్షణ కొనుక్కోవడానికి అతడు ఇవ్వలేదు. ప్రభువు తన ఇంటికి వచ్చాడన్న సంతోషంలో ఇచ్చాడు. దేవుని ఎదుట ఒప్పుకుని, మనిషి ఎదుట మౌనంగా ఉండడం సగం ఒప్పుకోలే. మత్తయి 5:23, 24లో ప్రభువు, అర్పణను బలిపీఠం ముందు విడిచి వెళ్లి సమాధానపడమన్నాడు. ఆ తరువాత తిరిగి వచ్చి అర్పించమన్నాడు. తిరిగి రావడం ఆ ఆజ్ఞలో భాగమే.

నేను మూడో మొదటి ఆదివారానికి ముందు శనివారం రాత్రి తమ్ముడికి ఉత్తరం రాశాను. ముప్పైఏడు నెలల సంగతి రాశాను. వాటా అడగడానికే వచ్చానని కూడా రాశాను. పొలం వాడి పేరున రాసిస్తానని, ఇది దానం కాదు, బాకీ అని రాశాను. అమ్మకు తీర్చలేనిది ఇక తీర్చలేను. అది ప్రభువు సిలువ దగ్గర పెట్టాను. పది రోజులకు కార్డు వచ్చింది. "అన్నయ్యా, ఆ లెక్క అమ్మకు తెలుసు. నాకూ తెలుసు. క్రిస్మసుకు పిల్లలతో రండి." అంతే రాశాడు. ముందే తెలిసినవారికే నేను ఇన్నాళ్లూ దాచాను. దేవుని విషయంలో మనం చేసేదీ ఇదే కాదా?

మూడోది, బల్ల దగ్గరకు రావడం. యోగ్యులమయ్యామని కాదు. పిలిచినవాడు యోగ్యుడు గనుక.

ఆచరణకు ఒక సూచన

మొదటి ఆదివారానికి ముందు శనివారం రాత్రి అరగంట ప్రత్యేకించండి. టీవీ, ఫోను పక్కన పెట్టండి. కీర్తన 139 మెల్లగా చదవండి. తరువాత పై ఐదు చోట్లలో ఒక్కదాన్నే తీసుకోండి. అన్నీ ఒకేసారి వద్దు. ఒక కాగితం మీద ఒక మనిషి పేరు, చేయవలసిన ఒక పని రాయండి. కీర్తన 51 చదివి ప్రార్థించండి. ఆ పని ఆ రాత్రే చేయగలిగినదైతే చేయండి. చేయలేనిదైతే తేదీ వేసుకోండి. మరునాడు బల్లకు రండి. వచ్చే నెల ఆ కాగితం తీసి చూడండి. భార్యాభర్తలు కలిసి చేస్తే మరీ మంచిది. మన లెక్క తప్పైతే సరిదిద్దే సాక్షి ఇంట్లోనే ఉంటారు.

చర్చకు ప్రశ్నలు (సండే స్కూలు పెద్దల తరగతికి, స్త్రీల సమాజానికి)

1. 1 కొరింథీ 11:17-22 ప్రకారం కొరింథువారి తప్పు ఏమిటి? మన సంఘంలో దానికి దగ్గరగా ఉన్నది ఏది?
2. దావీదుకు నాతాను ఎందుకు అవసరమయ్యాడు? మీకు నాతానువంటివారు ఎవరు? వారికి మాట్లాడే చనువు మీరిచ్చారా?
3. పేతురు దుఃఖానికి, యూదా దుఃఖానికి భేదమేమిటి?
4. మన సంఘంలో చాలాకాలంగా బల్లకు రానివారు ఎవరైనా ఉన్నారా? వారిని విమర్శించకుండా వారి పక్కన కూర్చోగలవారు ఎవరు?
5. సంఘంగా మనం కలిసి పరీక్షించుకుని, కలిసి ఒప్పుకోవలసిన విషయం ఏదైనా ఉన్నదా?

ప్రార్థన

ప్రభువా, మేము చెప్పుకునే లెక్కకూ, నీ యొద్దనున్న లెక్కకూ ఎంత తేడా ఉన్నదో నీవెరుగుదువు. మా లెక్క విడిచి నీ లెక్కను అంగీకరించే ధైర్యం మాకు దయచేయుము. మేము గాయపరచిన వారి పేరు మాకు జ్ఞాపకము చేయుము. వారి గడప తొక్కే పాదములను మాకిమ్ము. నిరాశతో దూరమైన మా సహోదరీ సహోదరులను మరల నీ బల్లయొద్దకు నడిపించుము. మమ్మును పరీక్షించి, మాలో నీ కుమారుణ్ణి కనుగొనుము. ఆయన నామమున అడుగుచున్నాము. ఆమేన్.